జీవమ్మ బూర

ఓబుళరెడ్డికి చేను చూపిస్తే తలనొప్పి వచ్చేది. పగిలిన బూర ఒకటి చూపిస్తే ఆ తలనొప్పి దిగిపోయేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏటి మాట. నందికొట్కూరు బండి దారిలో ఉన్న ఆ ఊళ్ళో శేషారెడ్డి మాటకు ఎదురు లేదు. ఓబుళరెడ్డి ఆయన తమ్ముడు. అనంతపురం కాలేజీలో డిగ్రీ పూర్తిచేసి వచ్చాడు. ఏ ఆఫీసులోనో కుర్చీ వేసుకుని కూర్చుంటాడని ఊరంతా అనుకుంటే, అతను ఇంటి వెనక ఎద్దుల కొట్టంలో సగం ఆక్రమించి, తుప్పు పట్టిన గ్రామఫోను బూరలూ, సినిమా డేరాలవాళ్ళు పారేసిన లౌడ్‌స్పీకర్లూ పోగేసుకుని కూర్చున్నాడు. రేకు బూరలకు సొట్టలు తీసేవాడు. వేపచెక్క పలకలు చీల్చి, నీళ్ళలో నానబెట్టి వంచి, కొత్త బూరలు కట్టేవాడు. ఊరికి కరెంటు లేదు. అన్న జీపులోని బ్యాటరీ విప్పుకొచ్చి వాటికి ప్రాణం పోసేవాడు. జీపు కదలని రోజుల్లో శేషారెడ్డి కొట్టం దిక్కు చూసి నాలుగు తిట్లు తిట్టి గుర్రమెక్కేవాడు. అంతకు మించి ఏమీ అనేవాడు కాదు. తండ్రి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచినవాడాయన.

"ఏమప్పా ఓబుళా, రేపు పెండ్లాం వస్తే దానికన్నా ఈ బూరకే ఎక్కువ నూనె రాసేటట్టుండావే" అనేది వదిన నాగలక్ష్మమ్మ, ఎద్దులకు కుడితి పెట్టడానికి వచ్చినప్పుడల్లా.

"బూర ఎదురు మాట్లాడదు గదా వదినా."

"మాట్లాడించాలనే గదప్పా నీ తిప్పలన్నీ."

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో, పాత ఇనుము కొని అమ్మే పెద్ద ఈరన్న బండి మీద ఒక బూర తెచ్చి కొట్టం ముందు దించాడు. మనిషి పట్టేంత నోరు. వెలుపల తుప్పు, లోపల మసి. దాన్ని కిందపెట్టి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"యాడిది ఈరన్నా ఇది?"

"కాలువ కట్ట మీద కాలిపోయిన డేరాది, చిన్నరెడ్డీ. కోళ్ళకన్నా పనికొస్తాదని బోర్లించి, లోపల కోడిని పొదగేసినా. అది గుడ్ల మీద కూసోదు. నిలబడే ఉంటాది. పొద్దు గూకే యాళకు మెడ సాచి ఎవురో పిలిచినట్టు వింటాది. దీన్ని ఇంట్లోంచి తియ్యకుంటే నన్నే తీస్తానన్యాది నా పెండ్లాం."

ఓబుళరెడ్డి నవ్వాడు. ఈరన్న నవ్వలేదు. బండి తోలుకుపోతూ గొంతు తగ్గించి, "పెద్దరెడ్డికి మాత్రం ఇది యాడిదో చెప్పొద్దప్పా" అన్నాడు.

ఆ డేరా సంగతి ఓబుళరెడ్డికి సగమే తెలుసు. అప్పుడతను అనంతపురం హాస్టల్లో ఉన్నాడు. కోతలయ్యాక ఏటా వచ్చే టూరింగ్ టాకీసు అది. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లిచ్చేది ఊరి చివరి క్రైస్తవుల వాడ చర్చిగేరికి చెందిన జీవమ్మ. ఆమె గొంతు బాగుందని డేరా యజమాని సాయంత్రం పూట మైకు కూడా ఆమె చేతికే ఇచ్చేవాడు. పొద్దు వాలుతుండగా ఆమె మైకులోకి రెండుసార్లు ఊదేది. ఫూ... ఫూ... తర్వాత, "వినబడ్తాందా అమ్మల్లారా?" అని అడిగేది. చుట్టుపక్కల ఊళ్ళలో పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు "వినబడ్తాందిలేయే" అని నవ్వుకుంటూ పిల్లలకు ముఖాలు కడిగేవాళ్ళు.

ఆమె మొగుడు జ్ఞానరాజు శేషారెడ్డి దగ్గర పాలేరు. ఏదో మాటకు మాట వచ్చిందన్నారు. ఆ తర్వాత జ్ఞానరాజు దిగుడుబావిలో తేలాడు. కాలు జారిందన్నారు. పెద్దకర్మ కూడా కాకముందే జీవమ్మ డేరాకు వచ్చింది. ఎప్పటిలాగే ఊది, ఎప్పటిలాగే అడిగి, ఆట పేరు చెప్పాల్సిన చోట, "నా మొగుడు జారి పడలేదు. వాణ్ణి చంపినోని పేరు చెప్తా, వినండి" అంది. పేరు బయటికి రాకముందే ఎవరో తీగె లాగేశారు. ఆ రాత్రే డేరా కాలింది. రీలు అంటుకుందన్నారు. అందరూ బయటపడ్డారు, జీవమ్మ తప్ప. ఆడవాళ్ళ గేటుకు వెలుపలి నుంచి మోకు కట్టి ఉండిందని ఒకరిద్దరు చూశారు. చూసినవాళ్ళు చూడలేదన్నారు.

ఓబుళరెడ్డి ఇదంతా వినికిడిగా విన్నాడు. అన్న దగ్గర అడగలేదు. అడగకపోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

బూర మీద పని మాత్రం ఆగలేదు. కిరసనాయిలూ ఇసుకా వేసి తోమాడు. మసి పోయింది. వాసన పోలేదు. వెంట్రుకలు కమిరిన వాసన. కుంకుడుకాయ రసం పోశాడు, చింతపండు పులుసు పోశాడు. ఎండలో ఉన్నంతసేపూ ఏమీ ఉండదు. పొద్దు వాలగానే మళ్ళీ ఆ వాసన బూర నోట్లోంచి మెల్లగా కొట్టంలోకి పాకేది. ఎద్దులు తాడు బిగించుకుని వెనక్కి జరిగేవి.

బూర వెనక, మెడ చివర ఉండే ఇనప డబ్బాను యూనిట్ అంటారు. అందులో అయస్కాంతం, రాగి తీగె చుట్ట, దాని మీద పలచని పొర ఒకటి ఉంటాయి. ఆ పొర వణికితేనే బూరకు మాట. డబ్బా విప్పితే అయస్కాంతం బాగానే ఉంది. పొర బూడిదై రాలింది. మెడలో మాత్రం ఏదో అడ్డం పడింది. కమ్మీ పెట్టి లాగాడు.

గుడ్డ. ఉండ చుట్టి లోపలికంటా కుక్కిన చీరముక్క. అంత మంటలో, ఇనుమే వంకర్లు తిరిగిన మంటలో, అది కాలలేదు. నీలం అంచు నీలంగానే ఉంది.

అతను దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. సన్నటి నూలు, బిగువైన నేత. ఇలాంటి గుడ్డ కోసమే అతను కర్నూలు బట్టల కొట్లన్నీ తిరిగి ఉన్నాడు. అది ఎక్కడిదని అతని బుద్ధి అడిగింది. చేతులు వినలేదు. లక్క కరిగించి పూతపూసి, నీడన ఆరబెట్టి, గుండ్రంగా కత్తిరించి, రాగి తీగె చుట్టకు అంటించాడు. వెయ్యిసార్లు చేసినా అంత బాగా కుదరదు. గోటితో మీటితే డప్పులా మోగింది.

అప్పుడే వదిన కుడితి కుండతో వచ్చింది. పొర మీదికి వంగింది. లక్క కింద నీలం గీత ఒకటి సగం చందమామలా కనబడుతోంది. చాలాసేపు చూసింది. కుండ కిందపెట్టడం కూడా మరిచిపోయింది.

"ఈ గుడ్డ యాడిదప్పా?"

"దీని గొంతులోనే ఉండె. బాగలేదా? తీసేసి వేరేది వెయ్యాల్నా?"

"వొద్దు." నాగలక్ష్మమ్మ కొంగు బిగించి దోపుకుంది. "గట్టిగా బిగించు."

బిగించాడు. రెండు తీగెలూ పాత టెలిఫోనులోంచి తీసిన చెవి యంత్రానికి కలిపి, దాన్ని చెవిలో పెట్టుకున్నాడు. "బూరకు రెండు పనులూ వస్తాయి వదినా. మాట్లాడతాది, వింటాది కూడా. నోట్లో ఏమన్నా చెప్పు, నాకు చెవిలో వినబడ్తాదేమో చూస్తాం."

వదిన బూర నోట్లోకి తల వంచింది. పెదవులు కదిలాయి. అతని చెవిలో ఆమె గుసగుస, పక్కనే కూర్చుని చెప్పినంత స్పష్టంగా:

"వచ్చినావా?"

"ఎవురిని అడుగుతాండావు వదినా?" అని నవ్వుతూ తలెత్తాడు. ఆమె అప్పటికే వాకిలి దాటి పోతోంది.

చెవి యంత్రం తీయబోయాడు. బూర ముందు ఎవరూ లేరు. గాలి లేదు. ఎద్దులు నెమరు ఆపాయి.

ఫూ... ఫూ...

గబుక్కున పీకేశాడు. తీగె వదులై ఉంటుందనుకున్నాడు. చదువుకున్నవాడు గదా, ఏదో ఒకటి అనుకోవాలి.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. శేషారెడ్డి ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. ఎదురు నిలబడ్డవాడు పేరుకే నిలబడ్డాడు. అయినా సభ పెట్టాలి, మాట్లాడాలి. కర్నూలు నుంచి మైకు సెట్టు తెప్పిద్దామంటే ఓబుళరెడ్డి ఒప్పుకోలేదు.

"నా బూర ఉండగా అద్దె బూర యాలన్నా?"

"యాడిదిరా అది?"

"పాతదే. బాగు చేసినా." వెండిరంగు పూసి ఉంది. అన్న గుర్తుపట్టలేదు. తమ్ముడి భుజం తట్టాడు. "కాలువ అవతలికి గూడా వినబడాల చూడు."

"వినబడ్తాదన్నా."

మిద్దె మీద పిట్టగోడకు ఆనించి బూరను వీధి దిక్కు తిప్పాడు. పక్కన ఆంప్లిఫయరు, బ్యాటరీ. తీగె ఒకటి కిందికి వేలాడదీసి అరుగు మీద మైకుకు కలిపాడు. పొద్దు వాలింది. దుమ్ములో ఎర్రటి వెలుగు. జనం వీధి నిండా చేరారు. ముందు రెడ్లు, వెనక తక్కినవాళ్ళు, అందరికన్నా వెనక చర్చిగేరి వాళ్ళు. వాళ్ళ ముందు జ్ఞానరాజు అన్న దావీదురాజు, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆంప్లిఫయరులో గాజు వాల్వులు ఎర్రబడ్డాయి. వేడెక్కిన దుమ్ము వాసన... దాని వెనకే ఆ రెండో వాసన. వెంట్రుకల వాసన. ఓబుళరెడ్డి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

కింద శేషారెడ్డి గొంతు సవరించుకుని మైకు ముందు నిలబడ్డాడు. "పెద్దలకు నమస్కారం" అన్నాడు. మిద్దె మీద బూర పలకలేదు. మరోసారి అన్నాడు. ఊహూ. మైకు మీద వేలితో కొట్టాడు. జనంలో ఒకడు, "బూరల రెడ్డి బూర మూగది సామీ" అన్నాడు. నవ్వులు.

ఫూ.

నవ్వులు ఆగాయి.

ఫూ...

"వినబడ్తాందా... అమ్మల్లారా?"

వీధిలో ఒక్క ప్రాణి కదల్లేదు. ఒక ముసలమ్మ మాత్రం, పాత అలవాటున, నోటికి తెలియకుండానే, "వినబడ్తాందిలేయే" అంది. అని, నోరు రెండు చేతులతో మూసుకుంది.

"ఆ పొద్దు సగంలో నిలిచిపాయ. మిగిలింది వినండి. నా జ్ఞానరాజును కొట్టి, బావిలో ఏసినోడు..."

శేషారెడ్డి మెట్లెక్కి వచ్చేశాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. "లాగు! తీగె లాగురా!"

ఓబుళరెడ్డి లాగాడు. మైకు తీగె లాగాడు. బ్యాటరీ తీగె లాగాడు. బూర తీగెలు రెండూ తెంపి చేత్తో పట్టుకున్నాడు. వాల్వుల ఎరుపు మెల్లగా ఆరిపోయింది.

నిశ్శబ్దం. అన్న ఊపిరి ఒక్కటే... బుసబుసమని.

అది తెగిన బూర. దేనికీ కలవని రేకు ముక్క. ఆ ధైర్యంతోనే కాబోలు శేషారెడ్డి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులతో అంచులు పట్టుకుని, తల లోపలికి పెట్టి, పళ్ళు బిగించి గుసగుసలాడాడు. పక్కనే ఉన్న తమ్ముడికే సరిగా వినబడనంత మెల్లగా.

"నీ మొగున్ని చంపినా. నిన్ను కాల్చినా. మల్లా వస్తే మల్లా కాలుస్తా."

ఆ మాటలు వీధిలో ఉరిమాయి. ఎదురింటి గోడకు తగిలి తిరిగి వచ్చాయి. కాలువ అవతలి ఊళ్ళో కుక్కలు మొరిగాయి.

ఓబుళరెడ్డి చేతిలో తెగిన తీగెలు అలాగే ఉన్నాయి.

కింద ఎవరూ అరవలేదు. పరుగెత్తలేదు. అది ఇంకా భయంగా ఉంది. తలలన్నీ ఒక్కసారే పైకి లేచాయి. వెనక నుంచి దావీదురాజు ముందుకు నడిచాడు. రెడ్లు దారి ఇచ్చారు. ఎప్పుడూ ఇవ్వని దారి.

"చిన్నరెడ్డీ" అన్నాడు, మిద్దె దిక్కు చూస్తూ. "నువ్వు చదువుకున్నోనివి. ఈ యంత్రాలు నీకు తెలుసు. నువ్వు చెప్పు. ఇప్పుడు విన్నింది ఎవురి మాటప్పా?"

అడిగింది అంతే. చుట్టూ జనం ఉన్నారు. ఒక్క మాట చాలు. ఆ మాట ఓబుళరెడ్డి నోట్లోనే ఉంది. అన్న వెనక నుంచి అతని మణికట్టు పట్టుకున్నాడు. చిన్నప్పుడు కాలువ దాటించేటప్పుడు పట్టుకున్నట్టే.

"ప్లేటు" అన్నాడు ఓబుళరెడ్డి. "గ్రామఫోను మీద నాటకం ప్లేటు. తప్పుది పెట్టినా."

దావీదురాజు "ప్లేటా" అన్నాడు. "సరేనప్పా." తలగుడ్డ చుట్టుకుని వెనక్కి తిరిగాడు. అతని వెంట చర్చిగేరి, తర్వాత తక్కిన వీధి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోకుండా వెళ్ళిపోయారు. ప్లేటు కాదని అందరికీ తెలుసు. కానీ చిన్నరెడ్డి ప్లేటన్నాడు. రేపు ఎవరు ఎవరిని అడిగినా అదే జవాబు.

మణికట్టు మీద పట్టు వదులైంది. "అన్నా, పోయినారు" అంటూ తిరిగాడు.

శేషారెడ్డి మళ్ళీ బూర ముందున్నాడు. ఎప్పుడు వెళ్ళాడో... తల లోపల ఉంది. భుజాల దాకా లోపల ఉంది. చేతులు రేకు మీద తపతపా కొట్టుకుంటున్నాయి. ఓబుళరెడ్డి నడుము పట్టుకుని లాగాడు. ఎవరో అటు నుంచి కూడా లాగుతున్నంత బరువు. ఒక్కసారిగా వదిలింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

అన్న నోరు తెరుచుకుని ఉంది. నాలుక నల్లగా ఉంది. దగ్గాడు. మసి. పొడి మసి... గుప్పెడు. ముఖం మీద ఒక్క బొబ్బ లేదు, మీసం కూడా కమరలేదు.

కర్నూలులో డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి, "మంటల్లో పొగ పీల్చినట్టుంది. ఎక్కడ అంటుకుంది?" అని అడిగాడు. ఎక్కడా అంటుకోలేదని చెప్తే నమ్మలేదు. ప్రాణానికి భయం లేదన్నాడు. మాట మాత్రం రాదన్నాడు.

ఎన్నికలో శేషారెడ్డే గెలిచాడు. ఆ ఊళ్ళో ఓట్లు అలాగే పడతాయి.

ఓబుళరెడ్డి బూరను బండికెత్తి, ఇప్పుడు ఎండిపోయిన ఆ దిగుడుబావిలో పడేసి, రాళ్ళు వేసి పూడ్చాడు. పడేసే ముందు యూనిట్ విప్పాడు. ఆ గుడ్డను తన చేతులతోనే కాల్చాలనుకున్నాడు. అయస్కాంతం ఉంది. రాగి చుట్ట ఉంది. చుట్టూ లక్క వలయం చెక్కుచెదరకుండా ఉంది. మధ్యలో పొర లేదు. బిగించిన మరలు బిగించినట్టే ఉండగా, లోపలి గుడ్డ ఎటు పోయిందో తెలియలేదు.

కొట్టం ఖాళీ చేశాడు. వేపచెక్క బూరలు కూడా పొయ్యిలోకి పోయాయి. పగలు చేనుకు పోయేవాడు. సాయంత్రం అన్నకు అంబలి తాగించేవాడు. గొంతు దిగేది అదొక్కటే.

ఒకరోజు అలాగే పొద్దు వాలుతుండగా మంచం పక్కన కూర్చుని గరిటెతో అంబలి అందించాడు. శేషారెడ్డి నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూయలేదు. కళ్ళు మాత్రం తమ్ముడి మీద నిలిపి, వద్దు వద్దన్నట్టు, ఇటూ అటూ తిప్పాడు. ఆ నోట్లోంచి మెల్లగా ఆ వాసన వచ్చింది. లోపల, నాలుక వెనక, చీకట్లో... నీలంగా ఒక గీత వణికింది.

ఫూ... ఫూ...

"వినబడ్తాందా అమ్మల్లారా?" పెదవులు కదల్లేదు. నాలుక కదల్లేదు. "ఈ ఆట ఈ పొద్దుతో ఆఖరు. రేపట్నుంచి ఆట మార్పు..."

గరిటె జారి పడింది. వెలుపల వీధిలో తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. ఒక్కొక్కటే... జనం బయటికి వచ్చి నిలబడుతున్నారు.

వాకిట్లో నాగలక్ష్మమ్మ దీపం పట్టుకుని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఆ నీలం అంచు చీర జీవమ్మకు నేనే పెట్టినా" అంది. "మొగుడు కనపడ్లేదని ఏడుస్తా వచ్చిన పొద్దు. ఆ పొద్దు అది మొగుడు యాడని నన్ను అడిగె, తెలిసీ నేను చెప్పకపోతి. మొన్న నిన్ను అడిగినారు గదప్పా. నువ్వన్నా చెప్పుంటే అయిపోయేది."

ఓబుళరెడ్డి లేచాడు. చెప్తాననుకున్నాడు. ఇప్పుడే వీధిలోకి పోయి, అందరి ముందూ, అన్న పేరు చెప్తాననుకున్నాడు. నోరు తెరిచాడు.

గాలి మాత్రమే వచ్చింది. ఒకసారి. తర్వాత ఇంకోసారి.

ఫూ... ఫూ...